వెరులంలో నేర్చుకున్న చారు

ఎనిమిది నెలలుగా మా ఆవిడకు ఉత్తరాల్లో ఒకే అబద్ధం రాస్తూ వచ్చాను: డర్బన్ దగ్గరి ఈ ఇసిపింగోలో రోజూ నేనే వండుకు తింటున్నానని. నిజానికి పగలు ప్రాస్పెక్టన్ ఫ్యాక్టరీ క్యాంటీను, సాయంత్రం వీధి చివరి కొట్లో రొట్టె తొలిచి కూర నింపి ఇచ్చే బన్నీ చౌ. గరిటె పట్టిన పాపాన పోలేదు. శారద రాజమండ్రి నుంచి రాసింది కదా, "ఆదివారం నేను అక్కడ విమానం దిగి ఇంటికి రాగానే మీ చేతి కూరగాయల చారు తాగాలి" అని. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతికించుకోవడానికి శనివారం ఒక్కటే మిగిలింది.

నాతో పనిచేసే ప్రేమ్ వాళ్ళమ్మ డర్బన్‌కు అవతల వెరులంలో ఉంటుంది. ఆవిడ ముత్తాతలు చెరకు తోటల కూలికి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ చారు పెడితే ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకుని వస్తారని ప్రేమ్ చెప్పాడు. కాస్త పోయించుకొచ్చి నాదేనని చెబుదామని స్టీలు డబ్బా కూడా సంచిలో పెట్టుకున్నాను.

శనివారం పొద్దున ఏడున్నరకు ఇసిపింగోలో రైలెక్కాను. ఇక్కడ చలికాలం కదా, ఆగస్టు చలి ఇంకా వదల్లేదు, స్వెట్టరు తప్పనిసరి. డర్బన్‌లో మారి, ఎనిమిదీ నలభైకి వెరులం బండి పట్టుకున్నాను. టికెట్టు రానూ పోనూ ఒకేసారి తీసుకోవడం మేలు. ఎదురు సీట్లో ఒక జులూ పెద్దావిడ, కాళ్ళ దగ్గర చేమదుంపల బస్తా, వీటినే ఇక్కడ మడుంబీ అంటారు. మనం మామ్మ అన్నట్టు ఇక్కడ గోగో అంటారు. వెరులం బజారులో అమ్మడానికి వెళుతోంది. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం మాట్లాడుకున్నాం. నా కథ విని కడుపుబ్బా నవ్వి, నాలుగు దుంపలు నా సంచిలో వేసింది.

"ముందు ఉడకబెట్టు. తొక్క తర్వాత," అంది.

ఇంజనీరుకు దుంప సంగతి చెప్పాలా అనుకున్నాను.

పదింటికల్లా ప్రేమ్ వాళ్ళమ్మ ఇల్లు చేరాను. ఆవిడ పెరట్లో చలికాలపు పంటలో మిగిలినదంతా పీకుతోంది. వంకర క్యారెట్లు, సగం క్యాబేజీ, రెండు ముల్లంగులు, గుప్పెడు బీన్స్ గింజలు, ఒక గుమ్మడి ముక్క. కొత్త విత్తనాలు వేసే ముందు ఇదంతా ఒకే కుండలోకి పోతుందట. ఆంటీ అని పిలిస్తే కసిరింది.

"ఆంటీ అనకు. పెద్దమ్మ అను."

డబ్బా చూపించి సంగతంతా చెప్పాను.

"నేను చేస్తే వైఫ్ నా చారు తాగేది, నీది కాదు. నువ్వు చెయ్. నేను చైర్‌లో కూర్చుంటా."

తప్పక కత్తి పట్టాను. మొదట చేతికి దొరికినవి దుంపలే. పచ్చివే చెక్కేశాను. ఐదు నిమిషాల్లో మోచేతుల దాకా ఒకటే దురద.

"సచ్చినోడా, మడుంబీ పచ్చిగా పీల్ చేస్తారా? ఏం ఇంజనీర్ నువ్వు?" అంటూ పెద్దమ్మ చింతపండు తెచ్చి నా చేతులకు రుద్దింది. తిడుతూనే రుద్దింది. అమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. నేను ఎక్కుదామనుకున్న పన్నెండింటి బండి అలాగే పోయింది.

మళ్ళీ మొదలుపెట్టాం. గింజలు మెత్తబడ్డాక కూరలు, అవి ఉడికాక చింతపులుసు, చివర మిరియాలు, జీలకర్ర దంచి వేసి కరివేపాకుతో పోపు. పెద్దమ్మ గరిటెతో చవి చూసింది.

"ఉప్పు కొంచెం. మిగతా ఓకే."

ఇంజనీరింగు పాసైన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు. మా ఇద్దరి భోజనం అయ్యాక మిగిలిన చారు డబ్బాలో పోసి, వండగా మిగిలిన కూరగాయలు న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చింది.

మూడూ పదికి తిరుగు బండి. చూస్తే గోగో, ఖాళీ బస్తా మడిచి ఒళ్ళో పెట్టుకుని. నా చేతుల మీది ఎర్రటి గీతలు చూసి తలూపింది.

"ఉడకబెట్టలేదు."

"లేదు," అన్నాను.

పొద్దుట్నుంచి ఏమీ తినలేదట. డబ్బా మూతలో కాస్త పోసి ఇచ్చాను. తాగి, మూత మళ్ళీ చాపింది. ఇంకోసారి పోశాను. మూడోసారీ చాపింది. శారద కోసమని దాచినది, అయినా చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించలేదు. డర్బన్ వచ్చేసరికి డబ్బా అడుగు కనిపించింది.

"రేపు మళ్ళీ వండు," అని భుజం తట్టి దిగిపోయింది.

వెరులం వెళ్ళేవాళ్ళు శనివారమే వెళ్ళండి, పెరళ్ళన్నీ ఖాళీ చేస్తుంటారు. నేను ఇసిపింగోలో దిగేసరికి డబ్బా ఖాళీ, కూరగాయలతో సంచి బరువు. ఆశ్చర్యంగా, భయం వేయలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి నా వంట అడిగి అడిగి తాగింది. రేపు శారదకు నిజం చెప్పేస్తాను. రెండో గిన్నె పోశాక.