లక్ష్మీరాజం సారు, ఊక బూడిద

బూడిద కనిపిస్తే లక్ష్మీరాజం సారుకు ఒళ్లు తెలియదు. మామూలు బూడిద కాదు, రైస్‌మిల్లులో ఊక కాలిన బూడిద. కామారెడ్డి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆయన బైకు మిల్లు కనబడితే చాలు, దానంతటదే ఆగుతుంది.

ఎల్లారెడ్డిలో మరదలి పెళ్లికి తెల్లబట్టల్లో వెళ్లాడు. తలంబ్రాల వేళకు మాయం. భార్య పద్మప్రియ వెతికి పట్టుకునేసరికి పక్క మిల్లులో మోకాళ్లదాకా బూడిదలో ఉన్నాడు, చంకలో పట్టు కండువాలో కట్టిన బూడిద మూటతో.

"ఏందయ్యా గిది? మా బాపు పెట్టిన కండువా!"

"కండువ ఉతుక్కోవచ్చు ప్రియా. గిసొంటి బూడిద మల్ల దొరుకుతదా?"

ఆ బూడిదను క్షారంలో ఉడికించి, ఆమ్లం పోసి, జున్నులా గడ్డ కట్టించి, కుంగకుండా ఆరబెడితే ఏరోజెల్ అవుతుంది. పొగను ముక్కలుగా కోసినట్టుంటుంది. లోపలంతా గాలే, వేడిని ఇటునుంచి అటు పోనివ్వదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద తీయించిన దాని ఫొటో హాల్లో పెళ్లి ఫొటో పక్కనే వేలాడుతుంది.

"చూసిన్రా, ఎన్ని బొక్కలో!" అంటాడు వచ్చిన చుట్టాలతో. "తల ఎంటికెను వెయ్యి పాయలు చీల్చినా ఒక్క పాయ గీ బొక్కల పట్టది!"

ఫ్యాను వేస్తే ఆరబెట్టిన ఏరోజెల్ పొడి ఎగిరిపోతుందని మే నెలంతా ఇంట్లో ఫ్యాను బంద్.

"జర ఓపిక పట్టు. సంచులల్ల నింపి కుట్టి మన ఇంటి కప్పుకే బిగిస్త," అన్నాడు.

సంచులు కుట్టడమైతే అయింది. ఒక ఆదివారం అవి కనబడలేదు.

"పరీక్షకు పంపిన. లింగంపేటకు."

"లింగంపేటల ల్యాబు ఎప్పుడు పెట్టిన్రు?"

సారు తువ్వాలు అందుకుని బాత్‌రూంలో దూరాడు. ఆ పొడికి పరీక్షలన్నీ నిరుడే అయిపోయాయని పద్మప్రియకు తెలుసు; ఆ సంతోషంలో వీధంతా మిఠాయి పంచింది తనే. నడుం బిగించి లింగంపేట బస్సెక్కింది.

అక్కడి మిల్లులో సారు పేరు చెబితే పక్కనున్న ఒంటిగది రేకుల ఇల్లు చూపించారు. రేకుల కింద వంకరటింకర కుట్లతో అవే సంచులు. కింద దుర్గవ్వ అనే ముసలమ్మ బీడీలు చుడుతోంది.

"సారు భార్యవా బిడ్డా? రా. మంచోడే గని, పాపం..." అని దుర్గవ్వ తల దగ్గర వేలు తిప్పింది. "'అవ్వా, నీ రేకులియ్యకుంటే నా పరీక్ష ఖరాబైతది' అని ఒకటే బతిమాలిండు. జాలేసి ఇచ్చిన. ఫ్యానేస్తె తంబాకు ఎగురుతదని ఏండ్ల సంది ఉడుకుతున్న. ఇప్పుడు సల్లగనే ఉన్నది. గని మంది సొమ్ము ఊకెనే నేను ముట్ట. పరీక్ష కాంగనే తీస్కపొమ్మను."

తిట్లన్నీ గొంతులో సిద్ధంగా ఉన్నాయి. పద్మప్రియ ఆ వంకర కుట్ల వైపు చూసింది. నవ్వు ఆపుకుంది.

"ఇప్పుడే యాడ తీస్తడవ్వా! పరీక్ష ఇంకో పదేండ్లు నడుస్తది."

"పదేండ్లా!" దుర్గవ్వ జాలిగా నోరు చప్పరించింది. "గంత మొద్దా మీ ఆయన?"

"ఏం జేద్దామవ్వా, కట్టుకున్నంక తప్పుతదా!" అంటూ పద్మప్రియ చాప మీద చల్లగా కూర్చుంది.