ప్లంకెట్ వారింటి పెళ్లి

మందస అవతల జీడితోటల మధ్య ఉన్న ఆ ఊళ్లో ఢిల్లేశ్వరరావులకు కరువు లేదు. ప్లంకెట్ ఢిల్లేశ్వరరావు మాత్రం ఒక్కడే. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా జల్లెడ పట్టినా ఇంకో ప్లంకెట్ ఇల్లు దొరకదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ కూడా ఆయనే చెప్పేవాడు.

రైలు పట్టాలు వేసే రోజుల్లో ప్లంకెట్ అనే దొర ఒకాయన పలాస దగ్గర బంగళాలో ఉండేవాడట. చూడ్డానికి ఇంగ్లీషు దొరే గానీ పుట్టి పెరిగింది ఐర్లండులో. ఢిల్లేశ్వరరావు ముత్తాత ఆయనకు వంట చేసిపెట్టేవాడు. దొర ఓడెక్కి వెళ్లిపోయాడు, బంగళా కూలిపోయింది, జనం మాత్రం ముత్తాతను ప్లంకెట్ దొర వంటాయన అనడం మానలేదు. కొడుకుల నాటికి దొరా పోయాడు, వంటా పోయింది, ప్లంకెట్ మిగిలింది. అంతకుముందు తమ ఇంటిపేరు ఏమిటో ఇప్పుడు ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

చిన్నప్పుడు ఆ పేరు ఆయన్ని బాగా ఏడిపించింది. బళ్లో హాజరు వేసే మేష్టారు అక్కడికొచ్చేసరికి కళ్లజోడు సర్దుకునేవారు. పెళ్లిచూపుల్లో అయితే మీరు కిరస్తానీలా అని భార్య కాంతం తండ్రి నిలదీశాడు. వయసొచ్చాక ఢిల్లేశ్వరరావు ఎదురు తిరిగాడు. తోట గేటు మీదా, కొబ్బరికాయలు తోలే వ్యాను మీదా పెద్ద అక్షరాలతో ప్లంకెట్ అని రాయించాడు. అర్థం అడిగితే పట్టాలు వేసిన రాజు అని చెప్పేవాడు. కొడుకు త్రినాథ్ ఫోనులో వెతికి, అది పాత ఫ్రెంచి మాటలోంచి వచ్చిందనీ, తెలుపు అని అర్థం కావచ్చంటున్నారనీ చెప్పినప్పుడు పాపం కొన్నాళ్లు ముఖం వేలాడేశాడు. తర్వాత దానికీ దారి కనిపెట్టాడు. తెలుపంటే మచ్చలేని వంశమని ఊరంతా చాటింపు వేశాడు.

త్రినాథ్‌కు ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం. అక్కడే ఒక అమ్మాయి నచ్చిందని సెలవుకు వచ్చినప్పుడు చెప్పాడు. పేరు డోరీన్. తండ్రి రైలు గార్డుగా చేసి పోయాడు, తల్లి ఉంది. ఆంగ్లో ఇండియన్లు. ఇల్లు ఎగిరిపోతుందనుకుని కాంతం తలుపు పట్టుకు నిలబడింది. ఢిల్లేశ్వరరావు మతం ఊసే ఎత్తలేదు. ఎవరి దేవుడు వాళ్లకుంటాడని ఆయన లెక్క. పిల్ల చేపల పులుసు తింటుందా అని అడిగాడు, ఇష్టంగా తింటుందంటే సగం మెత్తబడ్డాడు. చివర్న అలవాటు కొద్దీ ఇంటిపేరు అడిగాడు.

ప్లంకెట్ అన్నాడు త్రినాథ్. పెద్దాయన ముఖం వెలిగిపోయింది, అంతలోనే మాడిపోయింది.

"ఒకే ఇంటిపేరంటే నీకు సెల్లెలవుద్ది గదరా. సెల్లెల్ని పెళ్లాడతావేటి?"

త్రినాథ్ నెత్తి బాదుకున్నాడు. వాళ్లకు ఆ పేరు రక్తంలో వచ్చింది, మనకు వంటింట్లోంచి వచ్చింది, ఇందులో చెల్లెలెక్కడినుంచి వచ్చిందని విసుగెత్తేదాకా నచ్చజెప్పాడు. తండ్రి బిగుసుకుపోయాడు. ఆఖరికి కొడుకు అనకూడని మాట అనేశాడు.

"అది మన పేరు కాదు నాన్నా. ఎరువు తెచ్చుకున్న పేరు. ఆ మాట ఒప్పేసుకో, మా పెళ్లయిపోద్ది."

ఢిల్లేశ్వరరావు తోటలోకి వెళ్లిపోయాడు. ఆ మాట ఒప్పుకుంటే బతుకంతా పరాయి చొక్కా తొడుక్కు తిరిగినట్టే. ఒప్పుకోకపోతే కొడుకు మనసు విరుగుతుంది. పెద్ద చిక్కే వచ్చిపడింది ఆయనకు.

ఇలా కాదని మరుసటి వారం డోరీనే పలాసలో రైలు దిగింది. ఖరగ్‌పూర్‌లో మనవాళ్లు బోలెడుమంది, అందుకని తెలుగు చక్కగానే మాట్లాడుతుంది. తోట గేటు మీద పేరు చూసి అక్కడే నిలబడిపోయింది. తన తండ్రి పోయాక తానూ తల్లీ తప్ప ఆ పేరున్న మనిషిని మళ్లీ చూడలేదనీ, చుట్టాలంతా ఎప్పుడో దేశాలు పట్టిపోయారనీ చెబుతూ కళ్లు తుడుచుకుంది. ఢిల్లేశ్వరరావు కరిగి నీరైపోయాడు. అచ్చం మా ఇంటి పిల్లేనని కాంతంతో అన్నాడు. అక్కడే వచ్చింది తంటా. పిల్ల నచ్చేకొద్దీ పెళ్లి దూరమైపోతోంది.

ముడి విప్పింది కాంతం. టెక్కలిలో ఉన్న తన తమ్ముడు గోపాలరావుకు పిల్లల్లేరు.

"మనోడ్ని నా తమ్ముడికి దత్తిచ్చెయ్. ఈ పిల్లని నీ కూతురనుకో," అంది. "అప్పుడు నీ కూతుర్ని నా తమ్ముడి కొడుక్కిత్తన్నట్టు. మేనరికం. అంతకన్నా మంచి సంబంధం ఏటుంది?"

ఢిల్లేశ్వరరావు నవ్వబోయి ఆగిపోయాడు. కొడుకు టెక్కలి వారి పేరులోకి పోతాడు. కూతురు అత్తింటి పేరులోకి పోతుంది. ఇక ప్లంకెట్ అనిపించుకునేది తానొక్కడే, తనతో సరి. ఆ పొద్దంతా తోటలో జీడిచెట్ల కింద ఒక్కడే తిరిగాడు. ఇంటికొచ్చి, పంతులికి కబురు పెట్టమన్నాడు.

పెళ్లి రావివలస ఎండల మల్లికార్జునుడి సన్నిధిలో జరిగింది. చర్చిలో మళ్లీ చేసుకోవాలని డోరీన్ తల్లి కోరితే సరేనన్నారు. గోపాలరావు దంపతులు మగపెళ్లివారి వైపు బింకంగా కూర్చున్నారు. ప్లంకెట్ వారి అమ్మాయి అని పంతులు గొంతెత్తి చదివాడు. ఢిల్లేశ్వరరావు పళ్లెం ముందుకు జరిపి, కన్యాదాత చేయాల్సిన పనికి, పెళ్లికొడుకు కాళ్లు కడగడానికి వంగాడు. కాంతం చెంబు వంచింది.

త్రినాథ్ చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. వద్దు నాన్నా అన్నాడు. ఆ రోజు తానన్న మాట ఎంత దూరం తెచ్చిందో అప్పటికి తెలిసొచ్చింది అతనికి.

"నీ నాన్న అదిగో, అటు కూసున్నాడు," అన్నాడు ఢిల్లేశ్వరరావు తల ఎత్తకుండా. "నాను పిల్లనిచ్చినోడ్ని. మా ప్లంకెటోళ్లకి ఇది ఒక్కత్తే ఆడపిల్ల. బాగా సూసుకో అల్లుడా."

ఆయన కళ్లలోంచి నీళ్లు పళ్లెంలోకి రాలుతున్నాయి. త్రినాథ్ కాళ్లు ముందుకు పెట్టాడు.