ఏసీ గదిలో దండెం

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా బొగ్గుగనుల కాలనీకి వస్తున్న రోజులు. అత్తమ్మకు ఉబ్బసం, ఉక్కపోత తట్టుకోలేదని ఆమె గదిలో ఏసీ పెట్టించాం. తీరా చూస్తే అది అత్తమ్మకు కాదు, బట్టలకు పనికొచ్చింది.

మా దగ్గర ముసురు పట్టిందంటే వారం పది రోజులు వదలదు. మా ఆయన గని నుంచి వస్తే ఒంటి మీది బట్టలు పిండేటట్టుండేవి. ఉతికి ఎక్కడ ఆరేయాలి? మా క్వార్టర్ల లైనులో ఏసీ ఉన్నవాళ్లంతా చేసిన పనే అత్తమ్మా చేసింది. తన మంచం పైనే మేకులు కొట్టించి దండెం కట్టించింది.

"ఏసీ గాలికి జల్దీ ఆరతయి. నా కొడుకు తడిబట్టల్తోని డ్యూటీకి పోవాల్నా?"

వారం తిరక్కుండానే పరుపు చెమ్మగిల్లింది, బీరువా వెనక గోడకు నల్లగా బూజు పట్టింది. అత్తమ్మకు పడుకుంటే ఊపిరాడదు. రాత్రంతా గోడకానుకుని కూర్చునే కునికేది. అయినా దండెం మీద చెయ్యి వేయనిస్తేగా!

మా ఆయనతో చెబితే, "వానకాలమొస్తే అమ్మకు గంతే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఏసీ నీళ్లు కారే గొట్టం కింద బకెట్ పెట్టాను. మధ్యాహ్నానికి నిండింది. తెచ్చి అత్తమ్మ ముందు దించాను.

"ఇవన్నీ మీ కొడుకు బట్టల్ల నీళ్లే. ఏసీ గుంజినయి ఇవి. గుంజనియి మీ ఛాతిలకు పోతున్నయి."

"అబ్బో, పెద్ద డాక్టరమ్మ వచ్చింది! దండెం ముట్టినవో, చూడు!"

ముట్టుకోవడమా? కత్తి తెచ్చి తాడు తెంపేశాను. కొడుకును చలికి చంపుతున్నానని ఆమె లైనంతా వినపడేలా శాపనార్థాలు పెట్టింది. పెట్టనీ! బొగ్గుకు మాకేం కరువు? వరండాలో బొగ్గుల పొయ్యి రాజేసి, దానిపైన బట్టలు ఆరేశాను. గోడ కడిగాను, పరుపు కూడా ఆ సెగకే ఎండబెట్టాను. పొగ లోపలికి రాకుండా కిటికీ మూసి ఏసీ వేస్తే ఈసారి బకెట్ సగమే నిండింది.

"నీ పుణ్యాన ఎండుచేపల వాసనొస్తున్ననంట. గనిల అందరు నవ్వుతున్నరు," అని మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె. పొగ వాసనకు ఎవరూ చావరు.

నాలుగో రోజు పొద్దున చాయ్ తీసుకెళ్తే అత్తమ్మ వెల్లకిలా పడి ఉంది. ఆ వానాకాలంలో ఆమెనలా చూడనే లేదు. కదలడం లేదు. గ్లాసు జారిపోయింది. "అత్తమ్మా!" అని గట్టిగా అరిచాను.

ఆమె కళ్లు తెరిచి కసిరింది. "ఏందే గట్ల మొత్తుకుంటవ్? సచ్చిన్ననుకున్నవా? ఇన్నొద్దులకు కన్నంటుకుంటే పాడుజేస్తివి."

తర్వాత గోడ వైపు తిరిగి, "ఆ మేకులు గూడ పీకెయ్," అంది.