మేకుకు తగిలించని బిళ్ళ

కొత్తపేట బస్టాండు వెనక కొడవళ్ళు సాగగొట్టే కమ్మరి కొలిమిలోంచి రాతిబొగ్గు పొగ ముక్కుకు తగిలితే చాలు, ఈ వయసులోనూ నాకు గుండె దడదడలాడుతుంది. అది సెలవుకి వచ్చే మా నాన్నగారి చొక్కా వాసన. ఊరంతా వరీ కొబ్బరీ చూసుకుని బతుకుతుంటే ఆయన ఒక్కరే ఎక్కడో దూరాన బొగ్గు గనిలో పనిచేసేవారు.

ఆయనొస్తే మాకు పండగే. అమ్మ తేగలు ఉడకబెట్టి, కందా బచ్చలి కూర వండేది. ఆయన మాత్రం గుమ్మం దాటగానే చేతికర్రతో దూలాన్ని తట్టి, చెవి ఒగ్గి విన్నాకే పీట మీద కూర్చునేవారు. గనిలో కప్పు కూలేముందు ఆ చప్పుడు మారుతుందట. మేం నవ్వేవాళ్ళం, అమ్మ నవ్వేది కాదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఆయన వచ్చిన మర్నాడు, బట్టలు ఉతకబోతూ అమ్మ చొక్కా జేబులోంచి నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసింది.

“ఏవండీ, ఇదేంటండీ?”

నాన్నగారి మొహం పాలిపోయింది. “కొంప మునిగిందే! నాకోసం లోపల వెతుకుతుంటారు.”

గనిలోకి దిగేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు మేకు నుంచి తీసుకెళ్ళి, పైకొచ్చాక తిరిగి తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఊరెళ్ళాడేమోనని ఎవరన్నా సరే, నమ్మకూడదు, అదీ నియమం. బస్సు అందదన్న కంగారులో ఆయన తగిలించడం మరిచిపోయేరు.

నా చెయ్యి పట్టుకుని పోస్టాఫీసుకి పరిగెత్తేరు. గనికి ట్రంకాలు దొరికేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆయనతో పనిచేసే మల్లయ్య, కప్పు బాగోలేని చోటుకి కూడా ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళి ఇంకా పైకి రాలేదట. నాన్నగారు పోస్టాఫీసు బల్ల మీదే మంచినీళ్ళన్నా ముట్టకుండా కూర్చున్నారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. సాయంత్రం పోస్టుమాస్టరు గారు ఫోను కింద పెట్టకుండానే అరిచేరు: “వచ్చేడంటండీ మీ మల్లయ్య!”

“ఆయ్” అన్నారు నాన్నగారు, ఆపైన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేరు.

సెలవు వదులుకుని, అమ్మ కట్టిచ్చిన పూతరేకులు పట్టుకుని ఆ రోజే బస్సెక్కేరు. అక్కడ మల్లయ్య ఆయన్ని చూడగానే చెంప చెళ్ళుమనిపించి, ఆ తర్వాత గట్టిగా వాటేసుకున్నాడట.

ఇప్పుడు మా తమ్ముడు అదే గనిలో ఇంజనీరు. బిళ్ళలూ మేకుల పలకా పోయాయి. టోపీకి పెట్టుకునే దీపంలో ఉన్న కంప్యూటర్ చిప్పే ఎవరు ఎక్కడున్నారో పైన తెర మీద చూపిస్తుందట, కప్పు కాస్త కదిలినా, విషవాయువు పెరిగినా గంట మోగుతుందట. “ఎవరూ ఎవర్నీ వెతుక్కుంటూ తిరగక్కర్లేదక్కా” అన్నాడు మొన్న సెలవుకి వచ్చినప్పుడు. నిజంగా సంతోషించాను. కానీ ఎప్పుడైనా వాడు ఆ తెర మీంచి మాయమైతే, వాడికోసం దిగే మల్లయ్య ఒక్కడైనా ఉన్నాడా అని అడగబోయి, పూతరేకులు కట్టివ్వడానికి లేచాను.