ప్యారిస్‌లో మూడు నిద్రలు

మా తోటికోడలు పోయిందన్న కబురు నాకు మాకవరపాలెంలో తెలిసింది. మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళి అప్పుడే విస్తరి ముందు కూర్చున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "ఒదినకి బాలేదు, బేగి వచ్చియ్" అన్నారు. ఆ గొంతు వినగానే బాలేదంటే ఏమిటో అర్థమైంది. పొద్దున్న టిఫిన్ చేసి కాసేపు నడుం వాల్చిన మనిషి మరి లేవలేదట. ఆటోలో నర్సీపట్నంలో మా ఇల్లు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. బుర్రలో ఒక్కటే మాట తిరిగింది, ఇంక ఈవిడ నన్ను రమ్మని పిలవదు. మనిషి పోయిందంటే ముందు నా కోరిక గుర్తొచ్చింది. ఏం చేయను, నా బుద్ధి అంత.

ఎక్కడికి రమ్మని పిలవడమో చెప్పాలి కదా. యూరప్‌కి.

ఆవిడ మా బావగారి భార్య. నేను అక్కా అనేదాన్ని. ఒకే గేటు, రెండు వాటాలు, మధ్యలో గచ్చు చేసిన వరండా. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటికే అక్కకి ఊళ్ళో పేరుంది. వీధిలో ఆడవాళ్ళందరినీ కూడేసి, బస్సు మాట్లాడి, వంటమనిషిని ఎక్కించి కాశీ, పూరీ, రామేశ్వరం తిప్పి తీసుకొచ్చేది. ఎవరు ఏ వేళ మాత్ర వేసుకోవాలో, ఎవరికి ఎవరి పక్కన కూర్చుంటే పడదో ఆవిడకి తెలుసు. "నీ సంచి నువ్వెత్తగలిగితేనే అది నీ సంచి, లేపోతే అది మా అందరి సంచి" అని బయల్దేరే ముందు ఒక్కొక్కరి చేత సంచి ఎత్తించి చూసేది.

కాశీకి నేనూ వెళ్ళాను, మా అత్తగారే నా పేరు రాయించారు. అక్కడ నాకు జ్వరం తగిలింది. మిగతావాళ్ళు దర్శనానికి ఆలస్యమవుతుందని సణుగుతుంటే అక్క సత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "దీన్నొదిలేసి ఎల్లి ఆ విశ్వనాథుడికి ఏటి సెప్పుకోవాల" అంది. నాకు చెమట పట్టి జ్వరం దిగేదాకా బస్సు కదల్లేదు. ఆ ఒక్క పూటకి నేను ఆవిడకి జన్మంతా రుణపడి ఉన్నాను. రుణం వేరు, కుళ్ళు వేరు. రెండూ ఒకే మనిషి మీద ఉండొచ్చని తోటికోడళ్ళకి చెప్పక్కర్లేదు.

అక్కకి ఒక నియమం ఉండేది. పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకి పిలవకపోయినా వెళ్ళాలి, ఇది లోకంలో అందరూ అనేదే. అక్క దానికి ఇంకో ముక్క తగిలించింది. "పెయానానికి మాత్రం ఎవర్నీ పిలవకూడదే. ఆళ్ళే నోరిప్పి అడగాల. నాను రమ్మని లాక్కెల్లేననుకో, దార్లో కాలు బెణికినా నా పేరే సెప్పుకుంటారు" అనేది. ఎవరైనా అడిగితే చోటు లేకపోయినా ఇరికించేది. అడగనివాళ్ళని ఒక్కమాట అనేది కాదు. ఇదంతా బస్సు ఆడవాళ్ళకి పెట్టిన నియమం అనుకున్నాను. నాకూ వర్తిస్తుందని ఎందుకనుకుంటాను? నేను ఇంట్లో మనిషిని.

క్షేత్రాలన్నీ అయిపోయాయి. ఒకరోజు ఫోన్‌లో ఎవరో తెలుగమ్మాయి ప్యారిస్ వీధుల్లో తిరుగుతున్న వీడియో చూస్తూ, "దేవుళ్ళని సూసేం. ఇంక దొరల్ని సూద్దాం" అంది. పుట్టింటివాళ్ళిచ్చిన జీడితోట మీద వచ్చేది ఆవిడ చేతిలోనే ఉండేది కాబట్టి అది ఉత్తుత్తి మాట కాదని నాకు అప్పుడే తెలిసింది. నా కడుపులో మంట కూడా అప్పుడే మొదలైంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండా గచ్చు మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టేది. ఒకటి ప్యారిస్, పైన ఆమ్‌స్టర్‌డామ్, ఇటు ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, ఆ మూల వెనిస్, అట్టడుగున రోమ్. ముగ్గులేసే చెయ్యి కదా, గీత మీద గీత పడకుండా అన్ని చుక్కలూ కలవాలని పట్టు. "ఎల్లిన దార్నే మళ్ళీ రావడం దండగ పెయానం" అని తుడిచేది, మళ్ళీ పెట్టేది. లెక్క రోజుల్లో కాదు, నిద్రల్లో. సింహాచలంలో ఒక నిద్ర, పూరీలో మూడు నిద్రలు అన్నట్టే, రెండు వారాల యూరప్‌ని కూడా నిద్రలుగా పంచింది. విశాఖలో టూర్ల ఆఫీసుకి ఫోన్ చేసి "ప్యారిస్ మూడు నిద్రలు బాబూ" అంటే, ఆ అబ్బాయి "త్రీ నైట్సా మేడమ్" అన్నాడట. ఆ రోజంతా అక్కకి గర్వం. "సూసేవా, ఆళ్ళదీ మన లెక్కే" అంది.

ఈ 'మన' అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండేది. "ప్యారిస్‌లో మనం మూడు నిద్రలు సేద్దాం. వెనిస్‌లో మనకి ఒక నిద్ర సాలు" అని చెప్పుకుపోయేది. మా అక్క నోట్లో మనం అన్నదానికి అర్థంపర్థం లేదు. ఆవిడకి సుగరొస్తే "మనకి సుగరొచ్చిందే" అంది, నాకు రాలేదు. జీడితోట కోతకొస్తే "మన తోట" అంది, అందులో ఒక్క పిక్క మీద నాకు హక్కు లేదు. వాళ్ళ అల్లుడు మన అల్లుడు, వాళ్ళ ఫ్రిజ్ మన ఫ్రిజ్. కాబట్టి ప్యారిస్‌లో మనం అంటే ఆవిడా, ఇంకెవరో.

ఆ ఇంకెవరో ఎవరన్నదే నా బాధ. బావగారు కాదు. గోదారి దాటితే ఆయనకి నిద్ర పట్టదు. పోనీ ఆయన్నే అడుగుదామంటే, బావగారి ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు. ఇక మిగిలింది అక్క సొంత చెల్లెలు. అనకాపల్లిలో ఉంటుంది, సింగపూర్ చూసొచ్చింది. ప్రతి ఆదివారం వచ్చి అక్కతో గుసగుసలాడేది. నేను టీ పట్టుకెళ్తే ఇద్దరూ మాట ఆపేసేవారు. సొంత చెల్లెలికి నేను అడ్డా? తోటికోడలు ఎన్నాళ్ళు అక్కా అని పిలిచినా ఆ పిలుపు పెళ్ళితో వచ్చిందే కదా అనుకుని, టీలో పంచదార తగ్గించేసిన రోజులున్నాయి. అచ్చులో అసూయ అని రాస్తే గౌరవంగా ఉంటుంది గానీ, నాది అచ్చమైన కుళ్ళు.

నోరు ఊరుకునేది కాదు. "ఆమ్‌స్టర్‌డామ్‌లో ముసలోళ్ళు కూడా సైకిలే తొక్కుతారంటక్కా, నీ మోకాళ్ళతో ఏటి సేస్తావు" అనేదాన్ని. "ప్రాగ్‌లో దారంతా రాళ్ళేనట, చక్రాల బ్యాగు లాగితే చక్రాలూడిపోతాయి" అనేదాన్ని. ఆవిడ కోప్పడేది కాదు. చుక్క తుడిచి ఆలోచించేది. "నువ్వు వంకలెట్టబట్టి ఇంత బాగా కుదురుతుందే" అనేది. అది మెప్పో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలీదు.

ఒక చలికాలం పొద్దున్నే, "లంబసింగి ఎల్దాం రాయే. మనకి సలి ఏపాటి ఆగుతాదో సూడాల" అంది. బావగారి మంకీ టోపీ పెట్టుకుని, చీర కింద బూట్లు తొడిగి, చక్రాల బ్యాగులో బియ్యం మూట కుక్కి బయల్దేరింది. అక్కడ మనిషికి మనిషి కనపడని మంచు. టీ కొట్టు దగ్గర నా శాలువా లాగేసి, "ఉండగలవా" అని అడిగింది. ఆ బియ్యం బ్యాగు రోడ్డు మీద నా చేత ఆ చివరిదాకా లాగించింది. టీ కొట్టువాడు నవ్వుతున్నాడు. నా కాళ్ళ వంక చూసి, "నీకు బూట్లు అలవాటు సెయ్యాలే" అంది. చెల్లెలికి చలి ఆగుతుందో లేదో చూడ్డానికి నన్ను పరీక్షకి వాడుకుంటోందని నేను పళ్ళు కొరుక్కున్నాను. చలికే కొరుక్కుంటున్నాననుకుని ఆవిడ మంకీ టోపీ తీసి నా నెత్తిన పెట్టింది.

మరోసారి పప్పు ఏరుతూ ఏరుతూ, "నువ్వు కూడా ఓ పాస్‌పోర్టు సేయించుకోవే" అంది. "అన్నవరం ఎల్లడానికి అడుగుతున్నారేటి" అన్నాను. "అడిగితే అడగొచ్చు" అని ఊరుకుంది.

చేయించుకున్నాను. ఆవిడ చెప్పినందుకు కాదు. ఆవిడా చెల్లెలూ విమానం ఎక్కేలోగా మా డ్వాక్రా వాళ్ళతో కలిసి నేను దుబాయ్ చూసేసి వచ్చి, ఫొటోలు ముఖాన పెడదామని. ఇంట్లో మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. వెరిఫికేషన్‌కి స్టేషన్‌కి రమ్మంటే, గుడికని చెప్పి కొబ్బరికాయ పట్టుకుని బయల్దేరాను. "కొబ్బరికాయ ఎవరికమ్మా, ఎస్సై గారికా" అన్నాడు కానిస్టేబులు. పుస్తకం రాగానే బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టేశాను. ఎప్పుడో ఒకప్పుడు అక్క "రేపు నేనూ చెల్లీ బయల్దేరుతున్నాం" అంటుంది, అప్పుడు తీసి చూపిద్దామని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆవిడ అనలేదు. చుక్కలు పెడుతూనే ఉంది, తుడుస్తూనే ఉంది. టికెట్లు మాత్రం తీయదు. ఎవరి కోసం ఆగిందో అని ఆరా తీశాను గానీ, ఆవిణ్ణే అడగాలని తోచలేదు.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు సర్దుకున్నారు. అక్క సొంత చెల్లెలూ నేనూ పెరటి మెట్ల మీద మిగిలిన విస్తళ్ళు కట్టలు కడుతున్నాం. ఉన్నట్టుండి ఆ చెల్లెలు, "చిన్నక్కా, మీ పాస్‌పోర్టు ఉందా" అంది.

మీకెవరు చెప్పారన్నాను.

"అక్కే సెప్పింది. మీరు కొబ్బరికాయ పట్టుకుని స్టేషన్‌కి ఎల్లడం బజారంతా సూసేరు కదండి. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. 'దానికి పాస్‌పోర్టు వచ్చిసింది, ఇంక అదే అడుగుతాదిలే' అంది. మీరు అడుగుతారనే కూకుంది."

"మరి మీరు..." అన్నాను.

"నానా?" ఆవిడ విస్తరి నలిపేసింది. "ఆదివారం ఆదివారం వచ్చి నానూ వస్తానక్కా, నానూ వస్తానక్కా అని బతిమాలేదాన్ని. 'ఇద్దరికే కుదిరింది పిల్లా, నానూ నా తోటికోడలూను' అనీసేది. మీరు టీ తెస్తే ఆ మాటే ఆపేసీవోళ్ళం. తోడబుట్టినదాన్ని నానుండగా మీరేటండి మద్దిన. మీ టీ తాగుతుంటే నాకు కడుపు మండిపోయేది, ఏటనుకున్నారు."

ఆవిడ ఏడుస్తోంది. నాకు ఏడుపు రావడానికి ఇంకా కొంచెం టైము పట్టింది. ప్యారిస్‌లో మనం, వెనిస్‌లో మనం, ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని వింటూనే ఉన్నాను. తెలుగులో దానికి ఒకటే అర్థం. ఎదుటి మనిషిని కలుపుకుంటేనే ఎవరైనా మనం అంటారు, లేకపోతే మేం అనరూ. అడుగుతానని ఆవిడ, పిలుస్తుందని నేను. ఒక్క గచ్చుకి ఈ అంచున ఒకరం, ఆ అంచున ఒకరం.

"అక్కడ ఊరికీ ఊరికీ మద్దిన ఎక్కే రైల్లో కిటికీ పక్క సీటు కూడా మీకేనంట" అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "'అది బండెక్కితే వాంతి సేసుకుంటాది, కిటికీ దానికిచ్చియ్యాల' అనేది."

మీరేమైనా అనుకోండి, నాకు ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది. అనకాపల్లి చెల్లెలి మీద కాదు, పాపం. వియన్నా దాటి వెళ్తున్న ఆ రైల్లో నా ముఖంతోనే కిటికీ పక్కన కూర్చున్న ఆడమనిషి మీద. ఎన్ని మధ్యాహ్నాలో మా అక్క తలపులో ఆవిడ హాయిగా ప్రయాణం చేసింది, నేను ఇక్కడే ఉండిపోయాను. బయట ఎవరివో గోధుమ చేలు వెనక్కి పోతున్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. పక్క సీట్లో మా అక్క నిమ్మకాయని గోటితో గిల్లి, ఆవిడ ముక్కు దగ్గర పట్టుకుని కూర్చుంది.