బావకు కాపలా

మా అక్క ఒక్క షరతు మీద ఒప్పుకుంది. పందెం సాగినంతసేపూ నేను బావ పక్కనే ఉండాలి. ఆయన తాగాడా, తిన్నాడా, ఎంత రొప్పుతున్నాడు అన్నది కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. ఏ కాస్త తేడా కనిపించినా సైకిల్ దింపేసి తనకు ఫోన్ చెయ్యాలి. "మీ బావ మాట నమ్మకు. బాగున్నాను బాగున్నాను అంటానే పడిపోతాడు," అంది. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. రెండేళ్ళ కిందట స్టీల్ ప్లాంటు నుంచి ఫోన్ వచ్చి పరిగెత్తుకుంటూ వెళ్తే, ఆయన స్ట్రెచర్ మీద పడుకుని కూడా బాగున్నాననే చెప్పాడు.

అప్పుడు గుండెలో స్టెంటు వేశారు. ఆరునెలలు తిరిగేసరికి డాక్టరు ఇక మామూలుగా తిరగొచ్చన్నాడు. సైకిల్ తొక్కితే ఇంకా మంచిదన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఒక్కరి చెవికీ ఎక్కలేదు. బొగ్గును కాల్చి కోక్ చేసే బట్టీల మీద, ఆ మంట పక్కన, ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషిని ప్లాంటువాళ్ళు స్టోర్సులో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. ఇంట్లో ఆయన మెట్లెక్కితే వెనకాల ఒకరు ఎక్కేవారు. పెళ్ళిళ్ళకు వెళ్తే అందరికంటే ముందు ఆయనకు కుర్చీ వెతికేవారు. ఆటోలో ఒంటరిగా ఎక్కడికీ పంపేవారు కాదు. ఎవరైనా చుట్టాలొస్తే అక్క గొంతు తగ్గించి, "ఈయన పేషెంటు కదా," అని మొదలుపెట్టేది. బావకు ఒళ్ళు మండిపోయేది. "ఈ పేషెంటు అనిపించుకోడం కంటే ఆ రోజే పోయుంటే బాగున్ను," అన్నాడొకసారి నాతో, బీచ్ రోడ్డు మీద సైకిల్ ఆపి. నవ్వుతూ అనలేదు.

పందేనికి పేరిచ్చింది అందుకే. కొండదారుల్లో గేరు సైకిళ్ళ పందెం. తెల్లవారుతుండగా రుషికొండ బీచి దగ్గర బయల్దేరి, ఆనందపురం దాటి, అవతలి కొండల్లో పడి తిరిగి, సింహాచలం కొండ వెనక నుంచి వచ్చి, సాయంత్రానికి మళ్ళీ రుషికొండ చేరాలి. ఇద్దరిద్దరు ఒక జట్టు. దారిలో చెక్‌పాయింట్లు ఉంటాయి, చెప్పిన టైము లోపల ఇద్దరూ కలిసే దాటాలి. ఒకరు ఆగిపోతే రెండోవాళ్ళ పందెం కూడా అక్కడితో సరి. బావకు ఫస్టూ వద్దు, సెకండూ వద్దు. చివరి గీత దాటితే చాలు. అది అక్క కళ్ళారా చూస్తే చాలు.

నేను పోర్టులో క్రేన్ ఆపరేటర్‌ని. నా ఉద్యోగమంతా గాల్లో వేలాడే ఏసీ గదిలోనే. బావ దీన్ని ఊరికే వదలడు. "నువ్వు ఫ్రిజ్జులో పెట్టిన వంకాయివిరా, నన్ను నువ్వు సూడ్డమేటి?" అంటాడు. నేనూ తక్కువ తిన్నవాణ్ణి కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్క నన్ను ఎంచుకున్నది బహుశా అందుకే.

బావ ఛాతీకి ఒక పట్టీ కట్టాం. ఆయన గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో నా హ్యాండిల్ మీద బిగించిన చిన్న తెరలో అంకెగా కనిపిస్తుంది. నూటయాభై దాటితే అది కుయ్యి కుయ్యిమని అరుస్తుంది. అరిస్తే ఆగిపోవాలి, ఇది అక్కతో ఒప్పందం. తెర ఆయన హ్యాండిల్ మీదే పెట్టొచ్చు కదా అంటే, "రుమాలు కప్పేసి తొక్కుతాడు," అంది అక్క. ఆయన తల దించుకుని బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు.

ఆ రోజు ఎలాంటి దారుల్లో తొక్కామని ఎవరైనా అడిగితే నేను సరిగ్గా చెప్పలేను. కొండలు బాగుంటాయట, పొలాల మీద మంచు బాగుంటుందట. నేను చూసింది అంకెలు. నూటపది, నూటముప్పై, నూటనలభై రెండు. అంకె పెరిగినప్పుడల్లా నా నోరు లేచేది. "బావా, నెమ్మది." "బావా, తాగు." "బావా, గేరు మార్చు." ఆనందపురం దాటేసరికే ఆయన నా వైపు చూడడం మానేశాడు. నా సంచిలోని ఉప్పు చక్కెర పొట్లాలు ఒక్కొక్కటే నీళ్ళలో కలిపి ఆయనకే పట్టాను. ఆయన సీసా అయిపోతే నాది ఇచ్చాను. నాకు దాహం వేసినట్టు కూడా గుర్తులేదు. ఆయన తాగుతుంటే నేను తాగినట్టే అనిపించింది, ఏం చెప్పను.

ముందురోజు వాన పడి వెలిసింది. పొద్దెక్కేసరికి నేలలోంచి ఆవిరి లేచింది. మన వైపు ఎండ సంగతి తెలిసిందే, ఎండ కంటే ఉక్క చంపేస్తుంది. ఎర్రమట్టి ఎత్తు ఒకటి సగం ఎక్కేసరికి తెర కుయ్యిమంది. నేను సైకిల్ అడ్డం పెట్టి ఆయన్ని ఆపేశాను.

"దిగు."

"బాగానే ఉన్నాను కదేటి."

"దిగమన్నానా."

ఆయన దిగాడు. అంకె దిగడానికి మేం అక్కడ నిలబడి ఉంటే జట్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటిపోయాయి. కాలేజీ కుర్రాళ్ళిద్దరు, "అంకుల్, ఓకేనా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయారు. బావ మొహం కందగడ్డలా అయిపోయింది. "నువ్వు నా బావమరిదివా, మీ అక్క పెట్టిన పోలీసువా?" అన్నాడు. నేను పోలీసునే అన్నాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఆపాను. రెండుసార్లూ మాకు మాటా మాటా అయింది.

రెండో చెక్‌పాయింటు దగ్గర అక్క స్కూటీ వేసుకుని వచ్చి నిలబడి ఉంది. మేం ఆగగానే బావ నుదురు మీద చెయ్యి పెట్టింది, మెడ మీద పెట్టింది, కళ్ళు చూసింది. పదిమందిలో అలా చూస్తుంటే ఆయన చిన్నపిల్లాడిలా నిలబడిపోయాడు. మజ్జిగ సీసా నా చేతికిచ్చి, "దారిలో పట్టించు," అంది. అక్కడున్న వాలంటీరు మా నెంబర్లు రాసుకుంటూ, "తర్వాతి పాయింటు కొండ అవతల ఉంది, టైము చాలా టైట్‌గా ఉంది సార్, ఇక ఆగితే కష్టం," అన్నాడు.

బావ అక్క వినకుండా నా దగ్గరకొచ్చాడు. "ఒరే. ఈ ఒక్క కొండకీ ఆపకు. నీకు దండం పెడతాను." ఆయన గొంతులో అలాంటి బతిమాలాటం నేనెప్పుడూ వినలేదు. మజ్జిగ ఆయనకు పట్టించి సైకిలెక్కాను.

దారి జీడితోటల్లోకి పోయింది. ఎత్తు మీద ఎత్తు. బావ ముందు, నేను వెనక. అంకె నూటనలభై ఎనిమిది దగ్గర ఊగుతోంది. ఆగమని అరవడానికి నోరు తెరిచి, మూసుకుని, మళ్ళీ తెరిచి, ఇలా ఎంతసేపు నలిగిపోయానో తెలియదు. ఒక మలుపు దగ్గర గాలి మారింది. అంత ఎండలోనూ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ప్రాణం హాయిగా అనిపించింది.

"బావా, ఇక్కడ చల్లగా బాగుంది కదా," అన్నాను.

ఆయన బ్రేకు వేశాడు. సైకిల్ పక్కకు పడేసి నా హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఏటన్నావు?"

"చల్లగా ఉందన్నాను. ఎందుకాగావు? అవతల టైము అయిపోతోంది."

"మీ అక్క ఇందాక ఏ రంగు చీర కట్టిందిరా?"

నాకు తిక్క రేగింది. ఇది చీరల గురించి మాట్లాడే సమయమా? చెప్పి నోరు మూయిద్దామని గుర్తు చేసుకోబోయాను. రంగు గుర్తు రాలేదు. అసలు అక్కను ఇవాళ చూశామా అన్నది కూడా గుర్తు రాలేదు. ఆయన తన అరచెయ్యి నా మెడ మీద పెట్టాడు. పొడిగా ఉంది, పేలాలు వేయించే మంగలం మీద చెయ్యి పెట్టినట్టు ఉందట. బట్టీల మీద పనిచేసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పనిచేస్తారని తర్వాత చెప్పాడు. ఆ వేడిలో చల్లగా ఉందన్నవాణ్ణి బాగున్నావా అని అడగరు. చెయ్యి పట్టుకుని కిందకు దించేస్తారు.

నేను దిగనన్నాను. ఆయన్ని తోసేశాను కూడా. "నీ పందెం పోతుంది, ఎక్కు," అని అరిచి పెడలు మీద కాలు వెయ్యబోతే కాలు వేరే ఎవరిదో అయింది. ఎర్రమట్టిలో బోర్లా పడ్డాను. పడినవాణ్ణి లేచి చేసిన పనేమిటంటే, హ్యాండిల్ మీది తెరను ఊడబెరికి పిడికిట్లో పట్టుకున్నాను. బావకు కాపలా కదా.

ఆ తర్వాతది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. బావ నన్ను వీపు మీద వేసుకున్నాడు. నేను ఆయన కంటే లావు. కొండవాలు మీద, జీడాకులు జారిపోతుంటే, చెట్టు చెట్టూ పట్టుకుంటూ కిందకు దిగుతున్నాడు. ఆయన భుజం మీంచి వేలాడుతున్న నా చేతిలో తెర అరవడం మొదలుపెట్టింది. చూశాను. నూటఅరవై. నూటడెబ్భై. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాకేమవుతోందో నాకు తెలియదు, నాకు అక్కర్లేదు కూడా. ఈయన ఇప్పుడు నా కింద పడి చచ్చిపోతాడు, అక్క అడిగితే నేనేం చెప్పాలి? ఆ ఒక్క భయమే ఉంది. మెలకువ ఉన్నంతసేపూ ఆ భయమే.

"దింపెయ్ బావా. చచ్చిపోతావు. దింపెయ్."

"నోర్మూసుకో."

"అరుస్తోంది బావా."

"అరవనీ."

అది ఆయన చెవి పక్కనే అరుస్తోంది. నాలుగడుగులు వేసి, నా వేళ్ళు విప్పి, తెర లాక్కుని చెట్లలోకి విసిరేశాడు. అది ఎక్కడో ఆకుల్లో పడి కూడా కాసేపు అరిచింది. ఆ తర్వాత నాకు ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నేను ఎదురుచూశాను. వచ్చింది. మళ్ళీ వచ్చింది.

కింద పొలంలో మోటారు షెడ్డు ఉంది. కరెంటు లేదు కానీ పక్క తొట్టిలో నీళ్ళున్నాయి. బట్టలతోనే నన్ను అందులో పడేసి, తనూ దిగి, తల మునగకుండా పట్టుకున్నాడు. చల్లటి నీళ్ళు తగలగానే వెయ్యి సూదులు గుచ్చినట్టయి పెద్దగా కేక పెట్టాను. ఆయన ఒక చేత్తో నన్ను పట్టుకుని రెండో చేత్తో అక్కకు ఫోన్ చేశాడు. "బేగి రా. కొండ కింద మోటారు షెడ్డు కాడున్నాం, అంబులెన్సుని పిలు. ఎండ దెబ్బ. నాకు కాదు, మీ తమ్ముడికి." ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అవతల అక్క నమ్మలేదు.

అంబులెన్సు కంటే ముందు ఆమె స్కూటీ వచ్చింది. పొలం గట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చి, తొట్టిలో ఉన్న ఇద్దర్నీ చూసి, నేరుగా బావ ఛాతీ మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి తీసి నా నుదుటి మీద పెట్టాడు. "నాను బాగున్నాను. ఆడిని సూడు," అన్నాడు. అక్క నన్ను చూసింది. అప్పుడే, ఆ రోజుకు మొదటిసారి, నా మొహం చూసింది. "ఓలమ్మా, తమ్ముడూ," అంటూ కూలబడిపోయింది.

పందెంవాళ్ళు వచ్చారు. మా టైము అయిపోయిందని ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. బావ చొక్కాకు గుచ్చిన తన నెంబరు తనే విప్పి తడితడిగానే వాళ్ళకిచ్చాడు. అది మడతపెట్టి ఇవ్వడం నేను పడుకుని చూశాను. ఎన్ని నెలలు బీచ్ రోడ్డు మీద తొక్కాడో నాకు తెలుసు. ఆయన అడిగింది ఒక్క కొండ. అదీ నా వల్లే పోయింది. ఏడుద్దామంటే ఒంట్లో నీళ్ళు లేవు.

నాకు సెలైన్ పెట్టి అంబులెన్సు ఎక్కించారు. అందులో వచ్చిన కుర్రాడు తలుపు దగ్గర నిలబడి, "పేషెంటుతో ఒక్కరే రావాలి. ఎవరొస్తారు?" అన్నాడు.

అక్క మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టి ఆగింది. వెనక్కి తిరిగి బావను చూసింది. ఆయన తడిబట్టల్లో, మోకాళ్ళ దాకా బురదతో, ఇంకా రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఆమె చాలాసేపు చూసింది. అక్క మెట్టు దిగిపోయింది.

"నువ్వెళ్ళు. నాను బండి మీద ఎనకాల వస్తాను," అంది.

బావ ఎక్కి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు పడింది. మట్టిరోడ్డు గతుకులకు సెలైన్ సీసా అటూ ఇటూ కొట్టుకుంటుంటే తీసి చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. తడిచొక్కా నీళ్ళు ఆయన మోచేతి మీంచి నా మీద కారుతున్నాయి.

"సార్, పైన కొక్కెం ఉంది, తగిలించెయ్యండి. మీరు అలిసిపోతారు," అన్నాడు కుర్రాడు.

"పర్లేదు," అన్నాడు బావ. "నాను పట్టుకుంటాను."