ఏరిన చేనులో గోల్ఫ్ ఆట

తమిళ సీమలోని ధర్మపురి చుట్టుపక్కల ముసలివాళ్ళ ఇళ్ళకు మధ్యాహ్నం భోజనం చేర్చడం నా పని. మోపెడ్ మీద పదిహేడు క్యారియర్లు. పదహారు ఖాళీగా తిరిగొచ్చేవి. పెరియంపట్టిలో ఒంటరిగా ఉండే అవ్వది మాత్రం సగం అలాగే ఉండేది. "దిగలేదు పాపా" అనేది. పళ్ళు లేవు కదా అని అన్నం మెత్తగా వండించాను. డాక్టరుకు చూపించాను. జబ్బేమీ లేదన్నాడాయన. మనిషి మాత్రం నెలనెలకూ చిక్కిపోతోంది. నాకు భయం వేసేది. నా భయం ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. "తినకపోతే రేపట్నుంచి తీసుకోని రాను పో" అని ఒకరోజు అరిచేశాను కూడా.

అప్పుడే మా సంస్థ కార్యదర్శి, రిటైరైన లెక్కల మాస్టారు, భోజనాల విరాళాల కోసం గోల్ఫ్ పోటీ పెడుతున్నామన్నాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే. మా ఊళ్ళో గోల్ఫ్ మైదానం ఎక్కడిది? వేరుశనగ పీకేసిన మెట్టచేను ఒకటి అడిగి తీసుకున్నాడు. గుంటలు తవ్వించి, ఒక్కో గుంట చుట్టూ కల్యాణ మండపం నుంచి తెచ్చిన పచ్చ తివాచీ పరిపించాడు. బెంగుళూరు నుంచి పన్నెండుమంది దొరలు తెల్లటోపీలతో దిగారు. గెలిచినవాళ్ళకు కప్పు మా ముసలివాళ్ళలో ఒకరి చేత ఇప్పించాలట. నా మోపెడ్ ఎక్కడానికి ఒప్పుకున్నది అవ్వ ఒక్కతే.

ఆమెను షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టి, దొరలకు మజ్జిగ పోయడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

కాసేపటికి చేనులో గగ్గోలు మొదలైంది. కొట్టిన బంతి కొట్టినట్టే మాయమైపోతోంది. కుక్క ఎత్తుకుపోయిందని ఒకాయన, కాదు కాకి అని ఇంకొకాయన వాదులాడుకుంటున్నారు. మాస్టారు పాముపుట్టల్లో కర్ర పెట్టి కెలుకుతున్నాడు. నాకు బంతుల గొడవ పట్టలేదు. అవ్వ ఎక్కడ పడిపోయిందోనని వెతికి వెతికి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి గట్టు పక్కన కనిపించింది. కొంగు నడుముకు దోపుకుని, వంగి చకచకా ఏరుతోంది. మావైపు మెట్టచేలల్లో దున్నే ముందు ఆడకూలీలు రాళ్ళు ఏరి గట్టు మీద కుప్ప పోస్తారు. జీవితమంతా ఆమె చేసిన పని అదే. ఆమె పోసిన కుప్పలో రాళ్ళెన్నో బంతులూ అన్నే ఉన్నాయి.

దొరలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అవ్వ నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, వాళ్ళనే దులిపేసింది.

"ఏం సామీ, నేను ఒకపక్క ఏరతా ఉంటే మీరు ఇంకోపక్క కట్టెల్తో కొట్టి మళ్ళా ఏస్తా ఉండారే! ఇట్లయితే ఈ చేను ఎప్పుడు దున్నేది?"

తెలుగు తెలిసిన దొర పడీపడీ నవ్వి మిగిలినవాళ్ళకు చెప్పాడు. ఎవరు గెలిచారో ఇక తేలే దారి లేదు. కప్పు అవ్వకే ఇచ్చారు. ఆమె దాన్ని తిప్పి చూసి, "దీనికి మూతేదీ?" అంది.

భోజనాల దగ్గర నేనే వడ్డించాను. అవ్వ విస్తరి ఊడ్చేసి, రెండోసారి అన్నం అడిగింది.

"ఈ పొద్దు ఎట్ల దిగిందవ్వా?"

"పని చేసినాను గదా పాపా. పుట్టి బుద్ధెరిగినంక నాకు ఊరికే కూడు ఎవురు పెట్టినారు? ఊరికే పెడితే గొంతులో అడ్డం పడతాది."

ఆమె మీద అరిచినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాటి నుంచి క్యారియరుతో పాటు మా వంటింటి చట్నీకి కావలసిన వేరుశనగ కాయలు కూడా తీసుకెళ్తున్నాను. అవ్వ ముందురోజు కాయలు ఒలిచి ఏరిన గింజలు చేటలో నా ముందు పెట్టి నిలబడుతుంది. నేను కూలీల మేస్త్రీలాగా ముఖం పెట్టి, గింజలు అటూ ఇటూ కదిపి చూసి, "బాగుండాది, పోయి తిను" అనాలి. అప్పుడే క్యారియరు తెరుస్తుంది. ఒకరోజు తొందరలో చూడకుండానే బాగుందన్నాను. అవ్వ క్యారియరు తిరిగి నా చేతిలో పెట్టి, చేట ముందేసుకుని గింజలు మళ్ళీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టింది.